అన్నం మానేస్తే ఒంట్లో ఉప్పు ఎందుకు పోతుంది? మంచు దేశపు ఆదివాసుల నుంచి మన అంబలి దాకా



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి. తిండి గురించే, కానీ వంట గురించి కాదు, చరిత్ర.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అగ్నివీర్ ర్యాలీలకి తయారవుతున్న మనోళ్ళు చాలామంది ఈ మధ్య అన్నం మానేస్తున్నారు. ఫోన్లో వీడియో చూసి 'లో కార్బ్' అంటున్నారు. గుడ్లు, చికెన్, మళ్ళీ గుడ్లు. హాస్టల్ మెస్‌లో గుడ్డు లెక్కపెట్టి ఇస్తారు కాబట్టి సగం రోజులు పప్పులో నీళ్ళు తాగి పడుకోవడమే. మొదటి వారం మూడు కిలోలు తగ్గామని సంబరం. రెండో వారం లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని, పిక్కలు పట్టేస్తున్నాయని గొడవ. ఆ సంబరం, ఈ గొడవ రెండూ ఒకే సంగతికి రెండు వైపులు. దాన్ని వందేళ్ళ కిందటే కొలిచి రాసిపెట్టారు. ఆ కథలో పెద్ద భాగం మనలాంటి జనాల దగ్గరే మొదలైంది కూడా. మేం డాక్టర్లం కాదు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. లైబ్రరీలో దొరికింది, ఫోన్లో దొరికింది, సీనియర్లు చెప్పింది సరిచూసుకుని రాస్తున్నాం.

మొదట లండన్ పోదాం. విలియం బాంటింగ్ అని ఒకాయన, అంత్యక్రియలు జరిపించే వ్యాపారి. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, బరువు 202 పౌండ్లు, అంటే 91 కిలోల పైన. వంగి చెప్పుల తాడు కట్టుకోలేని పరిస్థితి. 1862లో విలియం హార్వే అనే డాక్టరు ఆయనతో బ్రెడ్డు, చక్కెర, బీరు, బంగాళదుంప మాన్పించాడు. ఏడాదిలో 20 కిలోల పైన తగ్గాడు. 1863లో ఆ సంగతి ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేసి పంచాడు. అది ఎంత పాకిందంటే డైట్ చేయడాన్నే అక్కడి జనం 'బాంటింగ్ చేయడం' అన్నారు. ఇప్పుడు వీడియోల్లో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పేది ఈ 160 ఏళ్ళ నాటి ముచ్చటే. తెలుగు రాష్ట్రాల్లో 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పేరుతో ఊరూరా పాకిన కొవ్వు డైట్ కూడా ఈ వంశంలోదే.

బాంటింగ్‌కి తెలియనిది ఏమిటంటే, పోయిన బరువులో మొదటి భాగం కొవ్వు కాదు, నీళ్ళు. ఆయన పుస్తకానికి కొంచెం ముందే, 1857లో, ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ కాలేయంలో దాచిన పిండి పదార్థాన్ని వేరుచేసి దానికి గ్లైకోజన్ అని పేరు పెట్టాడు. మనం తిన్న అన్నం, జొన్న, సామ ఒంట్లో కొంత అలా నిల్వ ఉంటుంది. కాలేయంలో, కండల్లో కలిపి సుమారు నాలుగైదు వందల గ్రాములు. ఒక్కో గ్రాము తనతో సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటుంది. అన్నం మానేసిన రెండు మూడు రోజుల్లో ఆ నిల్వ కరుగుతుంది, నీళ్ళు మూత్రంలో పోతాయి. లెక్క వేసుకోండి, కిలోన్నర, రెండు కిలోలు అక్కడే. అయినా ఇది సగం కథే. మిగతా సగం ఉప్పుది.

ఆ సగాన్ని మొదట గమనించింది ప్రయోగశాల కాదు, మంచులో నడిచిన ఒక సైనికుడు. అమెరికా సైన్యంలో లెఫ్టినెంట్ ఫ్రెడెరిక్ ష్వాట్కా 1878 నుంచి 1880 దాకా ఉత్తర ధ్రువం వైపు కెనడా మంచు నేలల్లో తిరిగాడు. అంతకుముందు అక్కడ తప్పిపోయిన ఫ్రాంక్లిన్ ఓడల జాడ వెతకడం పని. ఇన్యుయిట్ కుటుంబాలు వెంట ఉండి దారి చూపించాయి, వేటాడి తిండి పెట్టాయి. తెచ్చుకున్న సరుకు అయిపోయాక అందరూ జింక మాంసం మీదే బతికారు. ష్వాట్కా తన డైరీలో రాసుకున్నాడు, ఉత్త మాంసం తిండి మొదలుపెట్టినప్పుడు నీరసం వస్తుందని, గట్టిగా నడవడం కష్టమవుతుందని, రెండు మూడు వారాల్లో అది పోతుందని. ఇప్పుడు 'కీటో ఫ్లూ' అని పేరు పెట్టి దానికి పొడులు అమ్ముతున్నారు.

ఇన్యుయిట్ అంటే మన పాత పుస్తకాల్లో ఎస్కిమోలు. ఆ పేరు బయటోళ్ళు పెట్టింది. వాళ్ళు తమను తాము ఇన్యుయిట్ అనుకుంటారు, అంటే మనుషులు. మనలో గోండులు తమను తాము కోయ్‌తూర్ అనుకోవడం, బయటోళ్ళు ఇంకేదో రాయడం గుర్తొస్తే తప్పు లేదు.

వాళ్ళ మధ్యకు 1906లో విల్హాల్మర్ స్టెఫాన్సన్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు వెళ్ళాడు. ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు కెనడాలో పుట్టినవాడు. వాళ్ళ ఇళ్ళల్లో ఉండి వాళ్ళు తిన్నదే తిన్నాడు, చేపలు, సీలు, జింక. తిరిగొచ్చాక మాంసం మాత్రమే తిని ఏళ్ళ తరబడి బతికానంటే డాక్టర్లు నమ్మలేదు. 1928లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో ఆయన, కార్స్టెన్ ఆండర్సన్ అనే ఇంకొకాయన పరీక్షకు కూర్చున్నారు. ఏడాది పాటు మాంసమే. డాక్టర్లు మెక్లెల్లన్, డుబాయ్ వాళ్ళను కొలిచి 1930లో ఫలితాలు అచ్చు వేశారు. ఇద్దరూ బాగానే ఉన్నారు. స్టెఫాన్సన్‌కి కొవ్వు లేని మాంసం పెట్టినప్పుడు మాత్రం మూడు రోజుల్లోనే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి, కొవ్వు కలిపితే తగ్గాయి. ఒక మాట దాచకూడదు. ఈ పరీక్షకు డబ్బు పెట్టింది అమెరికా మాంసం కంపెనీల సంఘం. ఫలితం అబద్ధమని మేం అనడం లేదు, కానీ ఎవరు డబ్బు పెట్టారో చూసుకోవడం మనకు అలవాటు కావాలి.

ఇక్కడే ఒక చిక్కు ముడి. ఇన్యుయిట్‌లకు ఉప్పంటే ఇష్టం లేదని స్టెఫాన్సనే రాశాడు. అన్నం లేకపోతే ఉప్పు పోతుంది, ఉప్పు పోతే నీరసం వస్తుంది అంటున్నాం కదా, మరి ఉప్పు డబ్బా లేకుండా వాళ్ళు ఎలా బతికారు? జవాబు వాళ్ళ కుండలో ఉంది. మాంసంలో, నెత్తుట్లో ఉప్పు సహజంగానే ఉంటుంది. వాళ్ళు మాంసం ఉడికించిన నీళ్ళు పారబోయలేదు, తాగారు. నెత్తురుతో చారు కాచుకున్నారు. పైగా పుట్టినప్పటి నుంచి అదే తిండి కాబట్టి ఒళ్ళు ఉన్న ఉప్పును గట్టిగా పట్టుకోవడం నేర్చింది. చలి దేశం, చెమట తక్కువ. మన తమ్ముడు చేసేది ఏమిటి? చికెన్‌ను నాలుగుసార్లు కడిగి, ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి, ఉప్పు లేని ముక్కలు తిని, ఏప్రిల్ ఎండలో గ్రౌండ్ చుట్టూ పరిగెత్తడం. ఒక లీటరు చెమటలో రెండు గ్రాముల ఉప్పు దాకా పోవచ్చు, మనిషిని బట్టి ఎక్కువ తక్కువ. వీడియోలో 'ఆదిమానవుల తిండి' అని చెప్పేవాళ్ళు మనలాంటోళ్ళ బొమ్మ పెట్టుకుంటారు కానీ, మన కుండలో ఏం మిగిలింది, ఏం పారబోశాం అన్నది అడగరు.

ఇక ఆసుపత్రుల్లో జరిగింది. 1923లో అమెరికాలో జేమ్స్ గాంబుల్, ఆయన తోటివాళ్ళు మూర్ఛ ఉన్న పిల్లలను పస్తు ఉంచి చికిత్స చేస్తున్నప్పుడు వాళ్ళ మూత్రం రోజురోజూ కొలిచారు. అప్పట్లో మూర్ఛకు పస్తు ఒక మందు. దాని బదులుగానే 1921లో రస్సెల్ వైల్డర్ కొవ్వు ఎక్కువ, పిండి తక్కువ ఉన్న కీటో తిండిని ప్రతిపాదించాడు. కీటో పుట్టింది సన్నబడడానికి కాదు, పిల్లల మూర్ఛకు. గాంబుల్ లెక్కల్లో తేలింది ఏమిటంటే పస్తు మొదలైన మొదటి రోజుల్లోనే సోడియం, అంటే ఉప్పులోని ముఖ్య భాగం, ధారగా బయటికి పోతుంది, దాని వెంట నీళ్ళు పోతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయనే మళ్ళీ, ఓడ మునిగి తెప్ప మీద చిక్కుకున్న నావికులకు ఏం తిండి ఇవ్వాలో పరీక్షించాడు. రోజుకు 100 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే చాలు, ఒంట్లోంచి పోయే ఉప్పు, నీళ్ళు బాగా తగ్గాయి. చక్కెరకూ ఉప్పుకూ ఏం సంబంధం అని మాకూ మొదట అర్థం కాలేదు.

సంబంధం ఇన్సులిన్. 1921లో టొరంటోలో దాన్ని కనుక్కున్నది కూడా ఒక బాంటింగే, ఫ్రెడెరిక్ బాంటింగ్, కానీ ఈ కథ మొదట్లో ఉన్నాయన కాదు. అన్నం తింటే నెత్తుట్లో చక్కెర పెరుగుతుంది, ఇన్సులిన్ వస్తుంది. అది చక్కెరను కణాల్లోకి పంపుతుందని మనం ఇంటర్లో చదివాం. దాంతో పాటు కిడ్నీలకు ఇంకో ఆజ్ఞ ఇస్తుంది, ఉప్పును వదలొద్దు అని. 1975లో రాల్ఫ్ డిఫ్రాంజో, ఆయన తోటివాళ్ళు ఆరోగ్యంగా ఉన్న మనుషులకు ఇన్సులిన్ ఎక్కించి, మూత్రంలో పోయే సోడియం తగ్గడం నేరుగా చూపించారు. ఇప్పుడు తిరగేసి చూడండి. అన్నం మానేస్తే ఇన్సులిన్ తగ్గుతుంది, ఆజ్ఞ సడలుతుంది, కిడ్నీలు ఉప్పు వదిలేస్తాయి, ఉప్పు వెంట నీళ్ళు. మళ్ళీ ఒకరోజు పండక్కి ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తింటే రెండు రోజుల్లో రెండు కిలోలు ఎక్కుతాయి, మొహం ఉబ్బినట్టుంటుంది. మన అవ్వలు 'ఒళ్ళు నీరు పట్టింది' అనేది ఇదే. ఆ రెండు కిలోలు కొవ్వు అనుకుని ఏడ్చి మళ్ళీ పస్తులు మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

ఎంత నీళ్ళో 1976లో యాంగ్, వాన్ ఇటాలీ లెక్కగట్టారు. లావుగా ఉన్న ఆరుగురికి రోజుకు 800 కేలరీల తిండి, ఒకసారి కీటో, ఒకసారి అన్నీ కలిసిన తిండి, పది రోజుల చొప్పున. కీటోలో రోజుకు సుమారు 467 గ్రాములు తగ్గారు, కలిపిన తిండిలో 278. చూస్తే కీటోనే గెలిచినట్టు. కానీ కీటోలో తగ్గినదాంట్లో 61 శాతం నీళ్ళు, రెండో దాంట్లో 37 శాతమే. కొవ్వు కరగడం రెండింట్లోనూ దాదాపు ఒక్కటే. కాటా మీద కనపడిన తేడా అంతా మూత్రంలో పోయిందన్నమాట.

ఆ మరుసటి ఏడాదే, 1977లో, అమెరికాలో ద్రవ ప్రోటీన్ డైట్ చేసినవాళ్ళు పదుల సంఖ్యలో చనిపోయారు. చర్మం, ఎముకల నుంచి తీసిన నాసిరకం ప్రోటీన్ నీళ్ళు తాగి నెలల తరబడి ఉన్నారు. గుండె లయ తప్పింది. అందులో పొటాషియం లాంటి లవణాలు సరిగా లేకపోవడం ఒక కారణంగా చెప్పారు. తర్వాత స్టీఫెన్ ఫిన్నీ సైకిల్ తొక్కేవాళ్ళ మీద 1983లో చేసిన పరీక్షలో కీటో తిండితో పాటు లవణాలు కూడా లెక్కగా ఇచ్చాడు, నాలుగు వారాల తర్వాత వాళ్ళ ఓపిక మొత్తంగా తగ్గలేదు. కాబట్టి ఆ తిండి అసాధ్యమేమీ కాదు. ఉప్పు సంగతి తెలియకుండా చేస్తేనే దెబ్బ.

మాలో ఒకరికి తగిలింది ఇదే. ఎక్కడ కోచింగ్ తీసుకున్నాడో అక్కడ అన్నంతో పాటు ఉప్పు కూడా మానేయమన్నారంట, ఒంట్లో నీరు పోయి కండ కనపడుతుందని. ఆరో రోజు 1600 మీటర్ల పరుగులో మూడో రౌండ్‌లో కూలబడ్డాడు. పక్కనే ఉన్న పెద్దమ్మ ఇంటి నుంచి చోడి అంబలి, ఉప్పేసి, ఉల్లిపాయ ముక్కతో ఇచ్చింది. గంటలో లేచి కూర్చున్నాడు. అదేదో మంత్రం కాదు, దానికీ చరిత్ర ఉంది.

1960లో రాబర్ట్ క్రేన్ పేగుల్లో చక్కెర, సోడియం జంటగా లోపలికి పోతాయని ప్రతిపాదించాడు. ఉప్పు నీళ్ళు ఒక్కటే తాగితే కొంతే ఇంకుతుంది, కొంచెం గ్లూకోజ్ తోడుంటే రెండూ నీళ్ళను లాక్కుని పోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల క్యాంపులో, బంగావ్‌లో, కలరా వచ్చి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి వచ్చాయి. అదే మన పీహెచ్‌సీలో, ఆశా అక్క సంచిలో ఉండే ఓఆర్‌ఎస్. ఇప్పటి ప్యాకెట్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. గంజిలో, అంబలిలో ఉన్న పిండి కూడా పేగులో గ్లూకోజే అవుతుంది. ఉప్పేసిన అంబలిలో నీళ్ళు, ఉప్పు, పిండి మూడూ ఉన్నాయి.

ఆ ఉప్పు మన దాకా ఎలా వచ్చేదో కూడా చెప్పుకోవాలి. పోడు చేసుకునే ఇంటికి తిండి కొండే ఇచ్చేది. ఉప్పు ఒక్కటి కొండ ఇవ్వలేదు. నౌపడా లాంటి సముద్రపు మడుల నుంచి రావాలి. దక్కనుకు తెచ్చింది ఎవరంటే ఎద్దుల మంద మీద గోనెలు వేసుకుని నెలల తరబడి నడిచిన లంబాడీలు. బంజారా తాండాల ముచ్చట్లలో ఇది ఇంకా వినిపిస్తుంది. లంబాడీ అన్న మాటే లవణం నుంచి వచ్చిందని కొందరు అంటారు. కంపెనీ వాళ్ళు 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పును తమ గుత్తకు తీసుకున్నారు, పన్ను వేశారు. తర్వాత రైలు వచ్చింది. ఎద్దుల బిడారుకు పని లేకుండా పోయింది. దేశమంతా ఉప్పు మోసిన జనం తిండికి వెతుక్కుంటుంటే, 1871 నేరస్థ జాతుల చట్టం వచ్చి అలా తిరిగే జనాలను పుట్టుకతోనే దొంగలుగా రాసింది. లంబాడీలను కూడా ఆ జాబితాల్లో చేర్చారు. ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

కొండ మీద ఉప్పు సంతకి దిగితేనే దొరికేది. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు పోసి ఉప్పు తెచ్చుకోవడం, తూకంలో మోసపోవడం మన తాతల తరం వాళ్ళందరికీ తెలుసు. షావుకారు చేతిలో ఉప్పు ఒక పగ్గంలా ఉండేది, ఎందుకంటే అది లేకుండా ఎవరూ ఉండలేరు. 1930 ఏప్రిల్‌లో గాంధీ దండి దగ్గర ఉప్పు ఎత్తిన సంగతి మన పాఠాల్లో ఉంది, ఉప్పు పన్ను 1947లో తీసేశారు. షావుకారు తూకం మాత్రం ఆ ఏడాదితో మారలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది ఇలాంటి తూకాల వల్లే. జీసీసీ డిపోలో ఉప్పు ప్యాకెట్ చూసినప్పుడు ఇది గుర్తు రావాలి.

ఇంత చెప్పాం కదా అని ఎవరూ గుప్పెడు ఉప్పు మింగొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా. అన్నం తినేవాళ్ళకు, పచ్చళ్ళు, మిక్చర్లు, ఎండు చేపలు నంజుకునేవాళ్ళకు అది ఇట్టే దాటుతుంది. అమెరికాలో 1939 నుంచి వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు బీపీ బాగా పెరిగిన రోగులకు అన్నం, పండ్లు మాత్రమే పెట్టి, ఉప్పు దాదాపు లేకుండా చేసి, చాలామందికి బీపీ దించాడు. అన్నం తింటూ ఉప్పు తగ్గించడం ఒక దారి. అన్నం, ఉప్పు రెండూ ఒకేసారి కోసేసి ఎండలో పరిగెత్తడం వేరే సంగతి. ఇంట్లో బీపీ మాత్ర, అందులోనూ నీళ్ళు పోయే మాత్ర వేసుకునే అమ్మానాన్నలు ఉంటే, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉంటే, షుగర్ మందు వాడుతుంటే, డాక్టరును అడక్కుండా ఈ డైట్ పేరు ఎత్తనివ్వకండి. మాత్ర, డైట్ రెండూ కలిసి నీళ్ళు లాగేస్తాయి.

చివరిది, మాకు అన్నిటికన్నా భయం వేసేది. సికిల్ సెల్. మన దేశంలో ఇది ఉందని మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లో కనుక్కున్నారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో దీని నిర్మూలన మిషన్ మొదలైంది, మన ఊళ్ళల్లోనూ రక్త పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. జబ్బు ఉన్నవాళ్ళకు ఒంట్లో నీళ్ళు తగ్గితే ఎర్ర కణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, నొప్పి మొదలవుతుంది. నీళ్ళు పోగొట్టే డైట్ వాళ్ళు అసలు ముట్టుకోకూడదు. మామూలుగా ఏ ఇబ్బందీ లేని 'ట్రెయిట్' వాళ్ళ సంగతి కూడా వినండి. 1987లో అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళ లెక్కలు తీస్తే, శిక్షణలో కఠిన వ్యాయామం చేస్తూ హఠాత్తుగా చనిపోవడం ట్రెయిట్ ఉన్నవాళ్ళలో చాలా రెట్లు ఎక్కువని తేలింది. తర్వాత వాళ్ళు నీళ్ళు తాగడానికి, ఎండలో విశ్రాంతికి అందరికీ గట్టి నియమాలు పెట్టుకున్నారు. 2016లో మళ్ళీ సుమారు 48,000 మంది నల్లజాతి సైనికుల లెక్క తీస్తే చావుల్లో ఆ తేడా కనపడలేదు, కండలు దెబ్బతినడం మాత్రం ట్రెయిట్ ఉన్నవాళ్ళలో కొంత ఎక్కువగానే ఉంది. అంటే ట్రెయిట్ ఉన్న తమ్ముడు కూడా కానిస్టేబుల్ కావచ్చు, సైన్యంలో చేరొచ్చు. నీళ్ళూ ఉప్పూ పోగొట్టుకుని, ఎండలో, ఊపిరాడనంతగా పరిగెత్తడమే ఆపాలి.

కార్డు ఇంకా తీసుకోనివాళ్ళు ఈవెంట్స్‌కి ముందే పీహెచ్‌సీకి వెళ్ళి పరీక్ష చేయించుకోండి. అన్నం తగ్గించాలనుకుంటే సగం తగ్గించండి, కూర ఉడికిన నీళ్ళు పారబోయకండి, పరుగు తర్వాత ఉప్పేసిన అంబలో మజ్జిగో తాగండి. నిలబడితే కళ్ళు తిరుగుతుంటే ఆ రోజు పరుగు వద్దు.

ఇంకో పని కూడా ఉంది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు తాతలను, అవ్వలను అడగండి: వాళ్ళ చిన్నప్పుడు ఒక మానిక ఉప్పుకు ఎన్ని మానికల చింతపండు పోశారు, ఏ సంతలో, వర్షాకాలంలో సంత దారి మూసుకుపోతే కూరలో ఏం వేసుకున్నారు. మీ భాషలో ఉప్పును ఏమంటారో కూడా రాసి పంపండి. గోండి, కోయ, కువి, సవర, కొలామి, గోర్ బోలి, ఏదైనా సరే. అన్నీ కలిపి వచ్చే నెల పోస్టు వేస్తాం.